చిరగని జేబుకు కుట్టు

మాయి రవిరో, అంటే రవిరో వాళ్ళమ్మ, మా పెదనాన్న శవపేటికను గుమ్మంలో ఆపేసిన సంగతి ముందు చెప్పాలి. అది చెబితేగాని ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలియదు.

మా పెదనాన్న వడ్రంగి. మా సకుబ్వా పేటలో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేసినవే. ఆ తలుపుల్లో సగం ఇప్పటికీ సరిగ్గా పడవు. అయినా ఎదుటివాడి పనికి వంక పెట్టకుండా ఆయన ఒక్కరోజు గడిపి ఎరగడు. ఆయన పోయిన మర్నాడు పేటికను బయటికి తెస్తుంటే గుమ్మంలో మాయి రవిరో అడ్డంగా నిలబడింది. ఒంటి మీద ఆయన నీలం ఓవరాల్, నెత్తిన ఆయన టోపీ, చెవి మీద పెన్సిలు. ఒక కన్ను మూసి పేటిక అంచు వెంబడి చూసింది. వేలితో టకటకా కొట్టి చూసింది. ఆ తర్వాత ఆయన ముక్కు గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఎవడ్రా ఈ పెట్టె చేసింది? మూల కలిసిందా ఇది? మీ కళ్ళు ఏ చెట్టుకు తగిలించొచ్చార్రా? వెనక్కి పట్టుకెళ్ళండి. ఇలాంటి పెట్టెలో నేను పడుకోను!"

మోస్తున్నవాళ్ళు నవ్వాపుకోలేక పేటికను నేలమీదికి దించేశారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన పెద్దమ్మ గోడకు జారగిలబడి, "ఆయనే! అచ్చం ఆయనే, ముదనష్టపు మనిషి!" అంటూ పొట్ట పట్టుకుంది. పాస్టరు గారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు గాని ఆ బైబిలు ఊగుతూనే ఉంది. ఒక కోడీ కుండెడు బీరూ ఇస్తామని పెద్దవాళ్ళు ఒప్పుకున్నాక మాయి రవిరో దారి వదిలింది. అప్పుడు కూడా పేటిక వెనకే నడుస్తూ మేకుల గురించి గొణుగుతూనే ఉంది.

ఇది తుంటరితనం కాదు, ఆవిడ హక్కు. వాళ్ళ ఆయన తాతా మా తాతా రైలు పని వెతుక్కుంటూ కొండలు దాటి కలిసి ఈ ముతారే పట్నం వచ్చారట. అప్పట్నించీ ఆ ఇల్లూ మా ఇల్లూ సావిరాలు. సావిరా అంటే చావింట్లో కూడా నవ్వించగల స్నేహం. పోయినవాళ్ళ బట్టలు తొడుక్కుని, వాళ్ళ నడక నడిచి, వాళ్ళ గొంతుతో మాట్లాడే హక్కు సావిరాకే ఉంది. సావిరా ఏమన్నా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. మాయి రవిరో ఆ ఇంటి కోడలుగా వచ్చాక ఆ హక్కు ఆవిడకు దక్కింది. నిజం చెప్పాలంటే, ఆవిడ కోసమే మా తాతలు స్నేహం చేశారేమో అనిపిస్తుంది నాకు.

మా ఇంటి తరఫున సావిరాను నేను. పేరు ఎనిఫా. సకుబ్వా సంతలో పాతబట్టల వరసలో కుట్టు మిషను పెట్టుకున్నాను. నాకు నవ్వించడం అంతగా రాదు, కోపం తెచ్చుకోవడం బాగా వచ్చు.

రెండేళ్ళ కిందట మాయి రవిరో భర్త పోయినప్పుడు వేషం కట్టాల్సిన వంతు నాకు వచ్చింది. ఆయన చిమనిమని దారిలో బస్సు నడిపేవాడు. ఆయన కోటు తొడుక్కుని, కుండ మూతను స్టీరింగులా తిప్పుతూ, "ఎక్కండమ్మా ఎక్కండి, ఇంకా చాలా చోటుంది, ఆ మేకను ఒళ్ళో పెట్టుకో!" అని అరిచాను. జనం బాగానే నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మాయి రవిరో. నా గేరు మార్చడం బాగాలేదని లేచి వచ్చి మూత లాక్కుని తనే నడిపి చూపించింది. మొగుడి చావులో తనే బస్సు నడిపిన ఆడదాన్ని నేనెక్కడా చూడలేదు. ఆ రోజు ఆవిడ ఏడవలేదు. ఆ తర్వాత కూడా ఏడ్చినట్టు ఎవరూ చెప్పలేదు. ఆవిడ అంతే కదా అనుకున్నారు.

సంతలో ఆవిడ కొట్టు నా పక్కనే. పాతబట్టల బేలు విప్పడమంటే ఆవిడకు పెళ్ళి. తెల్లారగానే కత్తి పట్టుకుని సిద్ధం. గోనె చీలగానే ఉబికి వచ్చే కోట్లూ గౌన్లూ ఒక్కొక్కటే తొడుక్కుని చూపించేది. మండుటెండలో బొచ్చు కోటు వేసుకుని, చెమటలు కక్కుతూ, "అబ్బ, ఈ మంచులో చచ్చిపోతున్నానే! ఎవరైనా టీ పట్టుకురండే!" అని వణికేది. ఆ కోటును కొన్నవాళ్ళు దాన్ని ఎప్పుడు వేసుకుంటారో దేవుడికి తెలియాలి. మా కొండల్లో చలికాలం ఉన్న మాట నిజమే గాని, అంత చలి మాత్రం లేదు.

జనం లేనప్పుడు నా మీద పడేది.

"ఏమే ఎనిఫా, ఇది కుట్టా? కోడి గీకినట్టుంది."

"నీ పళ్ళ వరసకన్నా తిన్నగానే ఉందిలే."

"నా పళ్ళ వరస చూసి మూర్ఛపోయినవాడు నన్ను పెళ్ళాడాడు. నీ కుట్లు చూసి పారిపోయినవాళ్ళ లెక్క చెప్పనా?"

రోజూ ఇదే వరస. ఆ తిట్లు పడకపోతే నాకు పొద్దు గడిచేది కాదు.

అందుకే ఆవిడలో తేడాను మొదట నేనే పట్టుకున్నాను. మిగతావాళ్ళకు ఆవిడ ఎప్పట్లాగే నవ్విస్తూ కనబడింది. కానీ పోయిన చలికాలం మొదట్లో ఒకరోజు నేను ఒక పిల్లాడి నిక్కరుకు నిజంగానే వంకర కుట్టు వేశాను. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంది, చూసింది, బల్ల మీద పెట్టేసింది. ఒక్క మాటా అనలేదు. నాకు వింతగా అనిపించింది. కావాలనే మర్నాడు ఇంకా వంకరగా కుట్టాను. ఊహూ! కుట్టించుకున్న గిరాకీ మాత్రం నన్ను చెడామడా తిట్టి పోయాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే కనబడసాగాయి. బేలు వచ్చినా విప్పకుండా దాని మీదే కూర్చుని, పైతాడు ముడి విప్పడం, మళ్ళీ వేయడం, మళ్ళీ విప్పడం. "ఏమే, విప్పవా?" అంటే "విప్పుతాలే" అనేది. టీలో రొట్టె ముంచి అది కరిగి మునిగిపోయేదాకా అలా చూస్తూ ఉండేది. బేరమాడుతున్న ఒకావిడ మొహాన జాకెట్టు విసిరికొట్టింది. ఆ గిరాకీ కూడా అది ఆటే అనుకుని ఆ జాకెట్టును నెత్తిన కట్టుకుని నవ్వింది. ఏం చేసినా నవ్వే ఈ జనంతో ఎలా చావడం చెప్పండి!

ఒకరోజు తానే బయటపడి చెప్పింది. టీ తాగుతూ అందరి ముందూ, మామూలు గొంతుతో అంది. "నాకు నిద్ర పట్టడం లేదే. తల ఆగడం లేదు. ఒకటే ఆలోచనలు."

దీన్ని మా వాళ్ళు కుఫుంగిసిసా అంటారు. ఆలోచనలు మనిషిని పట్టుకుని వదలకపోవడం. మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న మాట, మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న జబ్బు. వేరే ఎవరైనా ఆ మాట అంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేవాళ్ళు. కానీ అన్నది మాయి రవిరో. బేళ్ళు మోసే జోరామ్ చేతిలో గ్లాసు కింద పెట్టి మరీ అందుకున్నాడు.

"నీకు తలుందా మాయి రవిరో? టోపీ తగిలించుకునే కొయ్య అనుకున్నానే నేను!"

వరసంతా గొల్లుమంది. మాయి రవిరో లేచి, ఎప్పుడూ నెత్తి మీదుండే తన టోపీ ఎత్తి, దొరసానిలా వంగి దణ్ణం పెట్టింది. ఇంకా గొల్లుమన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నవ్వండి, నవ్వండి, మీ దవడలు పడిపోను!" అని అరిచాను. దానికీ నవ్వారు. సావిరాల వాదులాట అనుకున్నారు.

ఆ వారమే ఆవిడ కూతురు రవిరో స్కూలు స్కర్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పదో తరగతి పిల్ల, తల్లికి పూర్తిగా వ్యతిరేకం, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటుంది. అంచు ఊడలేదు, ఏమీ లేదు. అయినా కుట్టమంది. నేను కుట్టడం మొదలుపెట్టాక, మిషను చప్పుడు మధ్యలో చెప్పడం మొదలుపెట్టింది.

"అత్తా, అమ్మ ఇంట్లో మాట్లాడదు."

"మాట్లాడదా? మీ అమ్మా?"

"గుమ్మం దాటి లోపలికొస్తే అంతే. సద్జా సంకటి కలుపుతూ కర్ర పట్టుకుని అలా నిలబడిపోద్ది. మాడు వాసనొచ్చాక నేనే లాక్కోవాలి. నిన్న అంది, నువ్వు పెద్దదానివైపోయావ్, ఇంక నేను లేకపోయినా వండుకు తినగలవ్ అని." పిల్ల స్కర్టు అంచును వేలికి చుట్టుకుంది. "నవ్వాను అత్తా. అమ్మ అంది కదా, జోకేమో అని నవ్వేశాను. తర్వాత నవ్వకూడదేమో అనిపించింది."

మిషను ఆపేశాను. ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కోవాలనిపించింది గాని ఆ వయసు పిల్లలు ఒప్పుకోరు. "నువ్వు ఇక్కడికి రావడం చాలా మంచి పని చేశావే తల్లీ, ఇంక నాకొదిలెయ్" అన్నాను. ధైర్యంగానే అన్నాను. లోపల మాత్రం భయం వేసింది, చెప్పొద్దూ. నవ్వించే మనిషి మునిగిపోతుంటే ఒడ్డున జనం చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు ఆవిడతో సూటిగా వెళితే పని కాదని తెలిసి, "సావిరా, నాకు ఒంట్లో బాగాలేదు, క్లినిక్కుకు తోడు రా" అన్నాను.

"నీకేమైందే? కోపం అరగలేదా?"

"వస్తావా రావా?"

వచ్చింది. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకుని, ఎదురైన ప్రతివాడికీ, "దారివ్వండి, దారివ్వండి, మా ఎనిఫా కొట్టుకు మూత పడేలా ఉంది, కుట్టుకూలి ఇచ్చినవాళ్ళు తిరిగి తీసుకోండి" అని చాటింపు వేస్తూనే వచ్చింది. నవ్వు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. చెయ్యి మాత్రం చల్లగా, బరువే లేనట్టు ఉంది.

క్లినిక్కు వెనక అవకాడో చెట్టు కింద ఒక బెంచీ ఉంటుంది. ఆలోచనలు పట్టుకున్నవాళ్ళతో మాట్లాడడానికి క్లినిక్కువాళ్ళు నేర్పించి కూర్చోబెట్టిన పెద్దావిడ అక్కడ ఉంటుంది. అంబుయా ఫెబీ, అంటే ఫెబీ అమ్మమ్మ. ఒకప్పుడు స్కూల్లో వంట చేసేది. మా వీధిలో సగం మంది ఆవిడ చేతి గంజి తాగి పెరిగినవాళ్ళే. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు, ఒళ్ళో ఎప్పుడూ అల్లిక. మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చింది.

"ఎవరికమ్మా బాగాలేనిది?"

"దీనికి" అన్నాను.

"దీనికి" అంది మాయి రవిరో నన్ను చూపిస్తూ, అదే క్షణంలో.

అంబుయా అద్దాల్లోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ తెలివైనది. మాయి రవిరో వైపు తిరిగి, "సరే, అయితే నిన్నే అడుగుతా. ఈ వారం ఆలోచనలు ఎక్కువగా వచ్చాయా?" అంది.

ఇంక చూసుకోండి. మాయి రవిరో చెవి మీద లేని పెన్సిలు సర్దుకుని, మా పెదనాన్న గొంతు ఎత్తుకుంది. "ఆలోచనలా? వచ్చాయమ్మా. ఈ బెంచీ చేసిన వెధవ ఎవడా అని ఆలోచన. కాలు చూడు, కుంటి మేకకు తోబుట్టువు."

అంబుయాకు నవ్వొచ్చింది. అల్లిక పక్కన పెట్టింది. "నిద్ర సరిగ్గా పడుతోందా?"

"పడుతుంది అంబుయా. మా ఆయన నిద్ర, నా నిద్ర, పక్కింటి కుక్క నిద్ర, అన్నీ ఆ కుక్కే పోతుంది."

"తిండి?"

మాయి రవిరో పాస్టరు గారి గొంతులో తిండి గురించి ప్రసంగమే మొదలుపెట్టింది. అంబుయా అద్దాలు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "అయ్యో, నా పక్కటెముకలు, ఆపవే తల్లీ" అంటోంది. పైనుంచి ఒక అవకాడో పడి క్లినిక్కు రేకుల మీద ఫిరంగిలా పేలింది. మాయి రవిరో వెంటనే బెంచీ కిందికి దూకి, "యుద్ధం! యుద్ధం! ముందు ఎనిఫాను ఇచ్చెయ్యండి, మనం బతికిపోతాం!" అని కేకలు. మందుల గది కిటికీలోంచి నర్సు తొంగి చూసి నవ్వింది. వరసలో నిలబడిన రోగులు నవ్వారు. జ్వరంతో వచ్చిన ఒకాయన నవ్వీ నవ్వీ దగ్గుతున్నాడు.

నవ్వనిది నేనొక్కదాన్నే. ఇలాగే లేచి దుమ్ము దులుపుకుని ఇంటికి పోతుంది. గుమ్మం దాటాక ఆ మౌనంలో ఆ పిల్ల, మాడుతున్న సద్జా. నాకు ఏం చేయాలో తోచలేదు. తోచకపోతే నాకు కోపం వస్తుంది. కోపం వస్తే ఏదో ఒకటి చేసేస్తాను.

ఆవిడ నెత్తి మీది టోపీ లాగి నా నెత్తిన పెట్టుకున్నాను. ఆవిడ భుజం మీది శాలువా లాగి కప్పుకున్నాను.

మాయి రవిరో నవ్వు ఆగిపోయింది. "ఏయ్! ఏంటే ఇది?"

అంబుయా కూడా అల్లిక సూదులు నేల రాల్చింది. మాలో ఇది జరగని పని. మాటలతో బతికున్నవాళ్ళను ఎంతైనా ఏడిపించవచ్చు గాని, బట్టలు తొడిగి వేషం కట్టేది పోయినవాళ్ళకే. బతికున్న మనిషి టోపీ సావిరా పెట్టుకోదు.

"నేనింకా బతికే ఉన్నానే, దొంగముండా!" అంది మాయి రవిరో.

"అవునా? అయితే నువ్వే చెప్పు, ఇదెవరో."

బెంచీ చివర కూర్చున్నాను. శాలువా చివర ముడి వేశాను. విప్పాను. మళ్ళీ వేశాను. మళ్ళీ విప్పాను. ఎవరో గిరాకీ వచ్చినట్టు తలెత్తి నోరంతా తెరిచి నవ్వి, వాళ్ళు పోయాక ఆ నవ్వును అలాగే మొహం మీద మరచిపోయి ముడి వైపు చూశాను. నాకు నటన రాదని ముందే చెప్పాను. కానీ ఈ మనిషిని నేను ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని చూశాను. లేచి నిలబడ్డాను. లేని కర్రతో లేని కుండలో సద్జా కలిపాను. చెయ్యి నెమ్మదించింది. ఆగింది. అలాగే నిలబడ్డాను. ఎంతసేపని? వరసలో జనం కూడా నవ్వడం మానేశారు. అప్పుడు పక్కకు తిరిగి, అక్కడ ఒక పిల్ల ఉన్నట్టు, ఆవిడ గొంతుతో, హాయిగా, జోకులా అన్నాను. "నువ్వు పెద్దదానివైపోయావ్ రవిరో. ఇంక నేను లేకపోయినా వండుకు తినగలవ్."

మాయి రవిరో నోరు తెరిచింది. జోకు ఒకటి నాలిక చివరికి వచ్చినట్టే ఉంది. అది రాలేదు.

"రవిరో చెప్పిందా?"

"చెప్పింది. నవ్వానత్తా అని చెప్పింది. నవ్వకూడదేమో అని కూడా చెప్పింది."

ఆవిడ నా నెత్తి మీది టోపీ వైపు చూసింది. "నేను అలాగే ఉన్నానా సావిరా?"

"అలాగే ఉన్నావు."

"అది జోకు కాదే" అంది. "ఏదీ జోకు కాదు. ఎన్నిసార్లు చెప్పాను మీకు! చెప్పిన ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. నేనూ వంగి దణ్ణం పెట్టాను, ఇంకేం చెయ్యను?" అని ఏడ్చింది. భర్త పోయినప్పుడు దాచుకున్నదంతా కలిపి ఏడ్చినట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నా టోపీ జారి, అంటే ఆవిడ టోపీ జారి నా ముక్కు మీదికి వచ్చింది. ఆ స్థితిలో నన్ను చూసి ఆవిడకు ఏడుపులోనే నవ్వొచ్చింది. అంతలో ఇంకో అవకాడో రేకుల మీద పడింది. ముగ్గురమూ ఎగిరిపడ్డాము. అంబుయా ఫెబీ అద్దాలు మళ్ళీ పెట్టుకుని, మాయి రవిరో చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "సరే తల్లీ, ఇప్పుడు మొదటి నుంచి అడుగుతా. ఈసారి నవ్వించావంటే గరిటె తిరగేస్తా" అంది.

నన్ను అవతలికి పొమ్మంది. చెట్టు అవతల కూర్చుని, పడిన అవకాడో తింటూ కాపలా కాశాను. వాళ్ళ మాటలు నేను వినలేదు. విన్నా చెప్పను. పిల్లతో అన్న ఆ మాట తేలిగ్గా తీసుకునేది కాదని అంబుయా తనే లేచి ఆవిడను నర్సు దగ్గరికి తీసుకెళ్ళింది. నర్సు ఈసారి నవ్వలేదు. చాలాసేపు మాట్లాడింది, మందులు రాసింది, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పింది. ఆ రోజు నుంచి కొన్నాళ్ళు ఆ తల్లీకూతుళ్ళను మా ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాను. మాయి రవిరో గురక గురించి నాకు ఇప్పుడు తెలిసినంత ఎవరికీ తెలియదు. ముందు ముందు అది నాకు పనికొస్తుంది.

ఒక్క పూటలో కుదుటపడిందని చెబితే అబద్ధం. కొన్ని రోజులు బేలు మీద కూర్చునే ఉండేది, నేనే కత్తి పట్టుకుని విప్పేదాన్ని. గౌన్లన్నీ నన్నే తొడిగి చూపించమనేది. నా మీద ఏ గౌనూ అమ్ముడుపోలేదు. ప్రతివారం బెంచీ దగ్గరికి వెళ్ళేది. అక్కడే ఆవిడకు ఒక ఉపాయం తోచింది. "నేను నిజం చెబుతున్నానని మీకు తెలియడం లేదు కదా, అయితే టోపీ తీస్తే నిజం" అంది. నేనూ రవిరో ఒప్పుకున్నాము. టోపీ ఉంటే ఏడిపించు, టోపీ తీస్తే నోరు మూసుకుని విను.

వానలు మొదలయ్యాక మా బాబాయి పోయాడు. చర్చిలో పాటలు పాడించేవాడు, చెవుడు. మాయి రవిరో ఆయన టై కట్టుకుని, టోపీ పెట్టుకుని, ఒక చేత్తో తాళం వేస్తూ, ఇంకో చెయ్యి చెవికి అడ్డం పెట్టి, పాడుతున్న ఆడవాళ్ళందర్నీ "గట్టిగా! గట్టిగా! పీతలు కూడా మీకన్నా గట్టిగా పాడతాయి!" అని గదమాయించింది. జనం మట్టిలో దొర్లినంత పని చేశారు. ఆవిడ మళ్ళీ అలా గెంతడం చూసి నాకు ఒళ్ళు తెలియని సంతోషం. అప్పుడు ఆవిడ నడి వాకిట్లో ఆగి, టోపీ తీసి నేల మీద పెట్టింది.

"ఇది వేషం కాదు. ఈ ఏడు నన్ను ఆలోచనలు పట్టుకున్నాయి. బతకాలని లేకపోయింది. క్లినిక్కు వెనక బెంచీ మీద కూర్చుని చెప్పుకున్నాను, మందులు వేసుకుంటున్నాను. మీలో ఎవరికైనా అలా ఉంటే రండి, తీసుకెళ్తాను."

జనం నవ్వారు. ఆవిడ కదలలేదు. నవ్వు సన్నబడింది. జోరామ్ ఒక్కడే ఇంకా హహ్హహ్హ అంటూ, చుట్టూ ఎవరూ నవ్వడం లేదని చూసుకుని, గుటక మింగాడు. వాన చినుకులు టోపీ మీద పడుతున్నాయి. ఆవిడ అందర్నీ ఒకసారి చూసి, టోపీ తీసి దులిపి నెత్తిన పెట్టుకుని, "ఏంటి మొహాలు వేలాడేశారు? నా కోడేదీ?" అంది.

మర్నాడు సంతలో జోరామ్ నా మిషను ముందు నిలబడ్డాడు. అంత మనిషి, రెండు బేళ్ళు ఒకేసారి మోసేవాడు, ప్యాంటు జేబు బయటికి లాగి చూపించాడు.

"ఇది కుట్టాలక్కా."

అటూ ఇటూ తిప్పి చూశాను. జేబుకు చిరుగన్నది లేదు. కొత్తది. తిట్టడానికి నోరు తెరిచి, అతని మొహం చూసి మూసుకున్నాను. దారం ఎక్కించి, ఏమీ లేని చోట నెమ్మదిగా కుట్టు వేయడం మొదలుపెట్టాను. మిషను చప్పుడు బాగా వచ్చాక, జోరామ్ కింద చూస్తూ అడిగాడు.

"ఆ బెంచీ... మగాళ్ళను కూడా కూర్చోనిస్తారా?"

ఆ జేబులో ఇప్పుడు చెయ్యి పట్టదు, కుట్టి మూసేశాను. జోరామ్ ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత కూరగాయల వరసలో ఒకావిడ బాగున్న శాలువా పట్టుకొచ్చింది. ఒక టీచరు గారు గుండీలన్నీ ఉన్న చొక్కాకు గుండీలు కుట్టమన్నారు. చిరగని బట్టలు ఇన్ని కుట్టిన దర్జీ ముతారే మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. కుట్టడం, వినడం, ఆ తర్వాత మాయి రవిరోను కేకెయ్యడం. ఆవిడ టోపీ తీసి వాళ్ళ వెంట నడిచేది.

మొన్న ఒక ఉదయం, బేలు వచ్చిన రోజు. అవతల నుంచి కత్తి చప్పుడు కోసం చూస్తున్నాను. రాలేదు. తలెత్తేసరికి మాయి రవిరో నా ముందు నిలబడి ఉంది. చేతిలో ఒక పసుపు జాకెట్టు. దాన్ని నా మిషను మీద పెట్టింది. దాని పక్కన టోపీ తీసి పెట్టింది.

"ఇది కుట్టు."

జాకెట్టు అంతా వెతికాను. ఎక్కడా పోగు కూడా లేవలేదు. ఆవిడ మొహం చూశాను.

"ఎప్పట్నించి?"

"మొన్నట్నించి నిద్ర లేదు. రొట్టె టీలో మునిగిపోయింది. పొద్దున్నే రవిరో మీద ఊరికే అరిచాను. అప్పుడున్నంతగా ఏం లేదులే. మళ్ళీ అంత ముదరకముందే వద్దామని వచ్చాను."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయంతో కాదు. ఎవరూ వేషం కట్టి చూపించకుండానే, ఎవరూ చెయ్యి పట్టి లాక్కురాకుండానే, తన కాళ్ళ మీద తానే వచ్చి నిలబడింది. సరే కుడదామని జాకెట్టు అంచు మీద సూది దించాను. తొందరలో కుట్టు వంకర పోయింది.

ఆవిడ వంగి చూసింది. "ఇన్నేళ్ళయినా అదే కోడి, అదే గీకుడు" అంది.

నేను పెద్దగా నవ్వేశాను. మిషను మీద గుడ్డ కప్పి, ఆవిడ టోపీ చేతిలో పట్టుకుని లేచాను. జోరామ్ తనంతట తానే వచ్చి బేలు మీద కూర్చుని, "వెళ్ళిరండి, నేను చూస్తుంటా" అన్నాడు. ఇద్దరమూ క్లినిక్కు వైపు నడిచాము.